లార్డ్ బతికే ఉన్నాడనడానికి ఆధారం

నిఘంటు కార్యాలయం,
7 మే 1888.

బ్రాకెన్‌హామ్ గ్రామం, లేడీ స్మై గారి సముఖానికి, నిఘంటు కార్యాలయంలో అయిదో సహాయకుడు ఎవరార్డ్ లైల్ సవినయంగా విన్నవించుకునేది.

అమ్మా,

ఇంగ్లీషు భాషలోని మాటలన్నిటినీ ఒక్కటి కూడా విడవకుండా ఒక పుస్తకంలోకి ఎక్కించడం మా కార్యాలయం పని. అందులో ఒకడు ఇంకొకడికన్నా పైవాడని చెప్పే మాటలు నా వంతుకు వచ్చాయి. ఒక వారం పని అనుకుని మొదలుపెట్టాను. పదకొండు నెలలైంది. గోడ పొడుగునా ముప్ఫైఒక్క అరలు చీటీలతో నిండాయి. చక్రవర్తి నుంచి పెరట్లో కోడిపుంజు దాకా ఉన్నాయి. పై చెయ్యి ఉంది, కొరడా పట్టిన చెయ్యి ఉంది. దుంగలు కోసే గుంటలో కిందివాడి కళ్ళలో పొట్టు పడుతుంటే పైన నిలబడి రంపం లాగేవాడి పేరు కూడా ఉంది, దాన్ని గొప్పవాళ్ళందరికీ తగిలించేశారు. మన జనం ఒకరి నెత్తిన ఒకరు కూర్చోవడానికి ఇన్ని మాటలు పుట్టించారా అని, సాయంత్రం ఆ అరల ముందు నిలబడి ఆశ్చర్యపోతుంటాను.

లార్డ్ అనే ఒక్క మాటకే ఇరవై రెండు అర్థాలు సర్దాను. ఇరవై మూడోది తేలడం లేదు. కోతల కాలంలో కూలీలు తమలో ఒకణ్ణి లార్డ్‌గా పెట్టుకుంటారని ఎనభై ఏళ్ళ కిందటి వ్యవసాయ పుస్తకం ఒకటి చెబుతోంది. ఆ తరవాత ఎక్కడా జాడ లేదు. మీ పాదిరీ గారిని అడిగితే, "మా లార్డ్‌కి చదువు రాదు, లేడీకి రాయండి" అని కార్డు ముక్క పంపారు. ఆ మాట మీ ఊళ్ళో ఇంకా వాడుకలో ఉందా, ఎవరు ఎవర్ని అంటారు, దయచేసి తెలియజేయగలరు.

తమ విధేయుడు,
ఎవరార్డ్ లైల్

తా.క. తమ హోదాకు ఏ కాగితం తగునో ఇక్కడ ఎవరికీ తెలియలేదు. ఉన్నవాటిలో దళసరిది ఎంచాను.

*

బ్రాకెన్‌హామ్, సఫోక్,
13 మే.

అయిదో సహాయకులు లైల్ గారికి, జాబెజ్ స్మై టోపీ తీసి రాసేది. ఇక్కడ ఆవు తప్ప అందరం కులాసా.

అయ్యా, మీ ఉత్తరాన్ని పోస్టు మనిషి నా చేతికివ్వలేదు. మా ఆవిడకిచ్చి, వంగి ఒక దండం పెట్టి పోయాడు. ఆవిడ రెండు రోజులు అంట్లు తోమలేదు.

లేడీని నేనే. నాకు మీసాలున్నాయి, నలుగురు పిల్లలున్నారు. కోతల్లో అందరం వరసగా మునుం పట్టినప్పుడు మొదటివాడు లార్డ్, రెండోవాడు లేడీ. ఎందుకని అడక్కండి, మా తాతలు కూడా అడగలేదు.

మీరు పైవాళ్ళ మాటలు అడిగారు గనక మాకున్నవి చెబుతాను. పొలం యజమాని పెట్టిట్ గారిని ఎదురుగా మాస్టర్ అంటాం, ఆయన గేటు దాటాక పెట్టిట్ అంటాం. ఊళ్ళో మిగతా భూములన్నీ ఎవరివో ఆయన్ని స్క్వైర్ అంటాం. ఆయన ఏడాదికి రెండుసార్లే కనబడతాడు గనక ఆ మాట ఇంకా అరిగిపోలేదు. రైలు పని చేసొచ్చిన మా బావమరిది కనబడ్డ ప్రతివాణ్ణీ బాస్ అంటాడు. అంటే ఎవరి మాటా వినడని లెక్క. మా ఇంట్లో మా ఆవిడకు ఏ మాటా పెట్టలేదు, ఇంతవరకు అవసరం రాలేదు.

ఇవన్నీ కూలి ఇచ్చేవాళ్ళకూ కసిరేవాళ్ళకూ పెట్టిన పేర్లు. లార్డ్ సంగతి వేరు. మా లార్డ్ ఎజ్రా ఆల్డస్. అరవై రెండేళ్ళ మనిషి, మాలాగే కూలీ, కోతలు కాని రోజుల్లో కాలవలు తవ్వుతాడు. మే నెలలో ఒక శనివారం నాగలి గుర్తు సత్రంలో పద్నాలుగు మందిమి కూర్చుంటాం. చేతులెత్తడం ఉండదు. అందరం ఆయన బల్ల వైపు చూస్తాం. ఆయన గ్లాసు కింద పెట్టి "సరేలే" అంటాడు. అంతే, ఆ క్షణం నుంచి కోతలయ్యేదాకా ఆయన మాకు మై లార్డ్. పద్నాలుగు మంది తరఫున ఒక్క నోటితో ఆయనే పెట్టిట్‌తో బేరమాడతాడు. పొలంలో ఆయన ముందు, వెనక నేను, నా వెనక మిగతావాళ్ళు. ఆయన ఆగి పొడుగు కర్ర కొడవలికి సానరాయి పెడితే పద్నాలుగు సానరాళ్ళు మోగుతాయి. ఆయన తాగితే తాగుతాం.

ఆయన గొంతు పెంచగా నేను వినలేదు. పంతొమ్మిది కోతలు ఆయన వీపు చూస్తూ కోశాను. ఆ వీపు చూస్తే ఇప్పటికీ నాకు ఒకలాగుంటుంది. భయం కాదు, గౌరవం అంటే మరీ చర్చిలో మాటలా ఉంటుంది. మీ ముప్ఫైఒక్క అరల్లో దానికి ఏదైనా మాట దొరికితే పంపండి.

ఇట్లు,
జాబెజ్ స్మై, లేడీ

తా.క. ఈ ముక్క చీటీ మీద ఎక్కించకండి. చేతుల్లో బలం చూస్తే నాదే ఎక్కువ. ఆయన్ని దాటకుండా ఉండటానికి నేను ఏటా చెయ్యి బిగబట్టుకుంటున్నాను. ఒక్క ఏడాది మునుంలో నేను ముందుండాలని ఉంది. తప్పో ఒప్పో తెలియదు గాని ఉంది.

*

నిఘంటు కార్యాలయం,
21 మే.

మీసాలు గల శ్రీ స్మై గారికి నమస్కారాలతో, లైల్ వ్రాయునది.

మీ ఆవిడగారికి నా క్షమాపణలు. మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఆ సానరాళ్ళ చోటును పైకి చదువుకున్నాను. వెంటనే తీసుకెళ్ళి మా ప్రధాన సంపాదకులకు చదివి వినిపించాను. ఆయన కళ్ళజోడు తీసి, "చాలా బాగుంది. అచ్చులో ఉందా?" అన్నారు. పక్కింటి మీద పిడుగు పడిందని చెప్పినా ఆయన అదే అడుగుతారు.

చిక్కు అక్కడే ఉంది. ఉత్తరం మాకు ఆధారం కాదు. అచ్చయిన కాగితం కావాలి, దాని మీద తేదీ కావాలి. అది లేకపోతే మాట ముందు బాకు ఆకారంలో చిన్న గుర్తు వేస్తాం. వాడుక పోయిన మాట అని దానికి అర్థం. ఆ పుట ప్రూఫు మీకు పంపుతున్నాను. అవమానంగా భావించవద్దు. ఎంతో గొప్ప గొప్ప మాటలకు కూడా ఆ గుర్తు పడింది.

తమ,
ఎ. లైల్

తా.క. మా గదిలో ఇనప పొయ్యి పక్క బల్ల మొదటి సహాయకులు ప్రాథరో గారిది. కిటికీ పక్కది నాది, చలిగాలి కూడా నాదే. నా నిబ్బు విరిగితే కొత్తది ఆయన్ని అడగాలి. ఆయన్ని ఏమనాలో ముప్ఫైఒక్క అరల్లోనూ వెతుకుతున్నాను. దొరికినవేవీ పైకి అనదగ్గవి కావు.

*

బ్రాకెన్‌హామ్,
10 జూన్.

లైల్ గారికి, జాబెజ్ స్మై టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని రాసేది.

మీ ప్రూఫు కాగితం ఇక్కడ కొంప ముంచింది.

దాన్ని సత్రానికి పట్టుకెళ్ళడం నాదే తప్పు. అంతటి పుస్తకంలో మా లార్డ్ ఎక్కుతున్నాడని అందరికీ చూపించాలనిపించింది. అందరూ చెయ్యి తుడుచుకుని మరీ ముట్టుకున్నారు. ముసలి నోవా లింగ్ దాన్ని దీపం దగ్గర పెట్టుకుని, "ఈ సమాధి మీద శిలువ ఎవరిది?" అన్నాడు. మాట చచ్చిపోయిందన్న గుర్తు అని చెప్పాను. "మాట చస్తే ఎజ్రా ఏమైనట్టు?" అన్నాడు. ఎజ్రా అక్కడే కూర్చుని బఠానీలు తింటున్నాడు.

అంతలో పెట్టిట్ లోపలికొచ్చాడు. కాగితం రెండుసార్లు చదివాడు. ఆయన అంత శ్రద్ధగా ఏదీ చదవగా మేం చూడలేదు.

"ఏరా జాబెజ్, ఇది దేశానికంతటికీ వర్తించే పుస్తకమేనా?"

"అవునండి మాస్టర్."

"అయితే ఇక లార్డ్ లేడు, ఒక్క నోటితో బేరం లేదు. ఒక్కొక్కడే మా వంటింటి గుమ్మం దగ్గరికి రండి. పని చేయగలవాణ్ణి పెట్టుకుంటాను, చేయలేనివాణ్ణి పొమ్మంటాను."

అయ్యా, దీని అర్థం మీకు ఆ ఊళ్ళో తెలియకపోవచ్చు. లార్డ్ ఎప్పుడు బేరమాడినా పద్నాలుగు మందికీ ఒకే లెక్కన ఆడతాడు, కుర్రాళ్ళకీ నోవాకీ ఒకటే. నోవాకు డెబ్భై ఒకటి. మునుంలో చిట్టచివర ఉంటాడు. ఒక్కడే గుమ్మం దగ్గరికి వెళితే పెట్టిట్ వాణ్ణి ఎగాదిగా చూసి తలుపేస్తాడు. కోతల కూలి లేకపోతే చలికాలానికి నోవా పోవలసింది బీదల ఆశ్రమానికి. అక్కడికెళ్ళి తిరిగొచ్చినవాణ్ణి నేను చూడలేదు. మీరు వేసిన ఆ గుర్తు గోరంత కూడా లేదు. దాని కింద ఒక మనిషి పడ్డాడు. మీ కార్యాలయానికి ఇంత శక్తి ఉందని తెలిస్తే ఉత్తరమే రాసేవాణ్ణి కాదు.

ఇట్లు,
జాబెజ్ స్మై, చచ్చిన మాటకు లేడీ

తా.క. మా ఆవిడ ఇప్పుడు నా గ్లాసు ముందు వేలితో ఆ గుర్తు గీస్తోంది.

*

నిఘంటు కార్యాలయం,
18 జూన్.

శ్రీ స్మై గారికి, రాత్రంతా నిద్రలేని లైల్ వ్రాయునది.

మేం మాటను చంపలేదు. చచ్చిందేమోనని అనుమానపడ్డాం, అంతే. ఆ సంగతి వివరిస్తూ పెట్టిట్ గారికి నేనే స్వయంగా ఒక ఉత్తరం రాశాను. దానికి బరువు ఉండాలని కార్యాలయం ముద్ర కూడా వేశాను. అది చేరగానే ఆయన సర్దుకుంటారని నా నమ్మకం.

పుట సెప్టెంబరు ఒకటిన అచ్చుకు వెళుతుంది. ఈలోగా ఆధారం వస్తే గుర్తు తీసేస్తాం. నియమాలు ఇవి. అచ్చులో ఉండాలి, ఈ ఏడాదిదై ఉండాలి. మాటను వాడాలి గాని, ఫలానా మాటంటే ఇదీ అని వివరించకూడదు. మాటను ఎక్కించాలనే కోరికతో రాసింది అసలే కాకూడదు.

ఎ. లైల్

తా.క. నోవా లింగ్ గారి సంగతి ప్రాథరో గారికి చెప్పాను. "ముసలివాళ్ళ కోసం అక్షరక్రమం ఆగదు" అన్నారు. పొయ్యి పక్క కూర్చున్నవాళ్ళకు అలాంటి వాక్యాలు తడుముకోకుండా వస్తాయి.

*

బ్రాకెన్‌హామ్,
15 జూలై.

లైల్ గారికి, జాబెజ్ స్మై రాసేది. ఇక టోపీ ముక్క తీసేద్దాం, మనం పాతవాళ్ళమయ్యాం.

మీరు పెట్టిట్‌కి రాసిన ఉత్తరం చేరింది. దాన్ని ఆయన ధాన్యపు కొట్టు తలుపుకి నాలుగు మేకులతో కొట్టాడు. "ఎనభై ఏళ్ళుగా ఆధారం లభించలేదు" అన్న చోట ఎర్ర సిరాతో గీత గీశాడు. ముద్ర మాత్రం బ్రహ్మాండంగా ఉంది, చుట్టుపక్కల ఊళ్ళ యజమానులు కూడా వచ్చి చూసిపోతున్నారు. దయచేసి ఇక ఎవరికీ ఏమీ వివరించకండి.

ఆధారం కోసం మేం చెయ్యనిది లేదు. పాదిరీ గారి కాళ్ళు పట్టుకుంటే చర్చి పత్రికలో రాశారు. "మన పల్లెలో వెనకటి రోజుల్లో లార్డ్ అనబడే ఒక ముచ్చటైన ఆచారం" అని మొదలుపెట్టారు. ఎజ్రా చదివించుకుని, "వెనకటి రోజుల్లోనా, నిన్న కాలవ తవ్వింది ఎవరు మరి?" అన్నాడు.

తరవాత పందుల వేలం ప్రకటన ఒకటి అచ్చవుతుంటే అందులో దూర్చాం. అది జత చేశాను. "లార్డ్ ఎజ్రా ఆల్డస్ గారి ఆడ పంది, ఏడు పిల్లలతో" అని ఉంది. చదివినవాళ్ళు పంది ఏ దర్జా ఇంటిదోనని ఇరవై మైళ్ళ నుంచి వచ్చారు. వచ్చాక ఎజ్రా గుడిసె చూసి వెనక్కి పోయారు.

మూడోది మీకు నచ్చుతుంది. మా సమాధుల దొడ్లో ఎజ్రాకు ముందు లార్డ్‌గా ఉన్న మనిషి రాయి ఉంది, "ముప్ఫై కోతల లార్డ్" అని చెక్కారు. దాని మీద కాగితం పెట్టి బొగ్గుతో రుద్ది పంపుతున్నాను. రాయి అంత గట్టి అచ్చు ఏ కాగితం మీద పడుతుంది?

గోధుమ రంగు తిరుగుతోంది. ఇంకో మూడు వారాలు.

జాబెజ్

తా.క. సత్రంలో మొన్న ఒకడు, "ఎజ్రా ముసలాడయ్యాడు, జాబెజ్ లార్డ్ అయితే పెట్టిట్ వింటాడేమో" అన్నాడు. నాకు లోపల తియ్యగా అనిపించింది. వెంటనే సిగ్గేసింది. రెండూ నిజమే, మీకు గాక ఇంకెవరికి చెప్పను.

*

నిఘంటు కార్యాలయం,
24 జూలై.

స్మై గారికి, తలవంచుకుని లైల్ వ్రాయునది.

పాదిరీ గారిది వివరణ, వాడుక కాదు. పైగా చచ్చిందని ఆయన కూడా సాక్ష్యం చెప్పారు. పందుల ప్రకటన మాటను ఎక్కించాలనే కోరికతో రాసింది. సమాధి రాయి ఉన్నవాటన్నిటిలో ఉత్తమం, కాని దాని మీద తేదీ 1869. మా సంపాదకులు ఆ బొగ్గు కాగితాన్ని చాలాసేపు పట్టుకుని చూశారు. "చాలా బాగుంది" అన్నారు. తరవాతి ప్రశ్న ఆయన అడగలేదు, నేనే తల అడ్డంగా ఊపాను.

ఇంత పెద్ద గోడ నిండా పెత్తనపు మాటలు పెట్టుకుని, ఒక్క ముసలివాణ్ణి కాపాడే మాట దగ్గర చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఆ అరలు చూస్తే మొదట్లో కలిగిన ఆశ్చర్యం పోలేదు. దానికి ఇప్పుడు కొంచెం కోపం తోడైంది.

ఎ. లైల్

తా.క. ప్రాథరో గారి దగ్గరికి వెళ్ళి, ఈ ఒక్క పుట వారం రోజులు ఆపమని అడిగాను. పదమూడు నెలల్లో ఆయన్ని నేను నిబ్బు కాకుండా ఇంకేదైనా అడగడం ఇదే మొదలు. కుదరదన్నారు. అయినా వచ్చి కూర్చుంటే కిటికీ గాలి ఎందుకో అంత చల్లగా లేదు.

*

బ్రాకెన్‌హామ్,
8 ఆగస్టు.

లైల్ గారికి జాబెజ్ రాసేది. కూర్చుని నిదానంగా చదవండి, మీ గోడ మీద లేనిది ఒకటి చూశాను.

సోమవారం పెట్టిట్ వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని, ఒక్కొక్కణ్ణీ పిలిచాడు. ఎజ్రా మాకు ఏమీ చెప్పలేదు. మీటింగు లేదు, ఒట్టు లేదు. ఆ పొద్దున ఆయన కాలవలో మోకాళ్ళ లోతు నీళ్ళలో ఉన్నాడు.

మొదట నన్ను పిలిచారు. పెట్టిట్ మెల్లగా, "జాబెజ్, నువ్వు గట్టివాడివి. వాళ్ళందరికీ నిన్ను పైన పెడతాను, ఫోర్‌మన్ అందాం. కొత్త మాట, ఏ గుర్తూ లేని మాట. ఏమంటావు?" అన్నాడు.

పంతొమ్మిదేళ్ళుగా నేను కోరుకున్నదాన్ని గుమ్మంలో పళ్ళెంలో పెట్టి ఇచ్చినట్టే. ఒప్పుకుందామనే నోరు తెరిచాను. బయటికి వచ్చింది మాత్రం, "మా లార్డ్‌ని అడగండి మాస్టర్."

ఆ మాట నేను అన్నానా, నాకే తెలియదు.

బయటికొచ్చి ఎవరికీ ఏమీ చెప్పలేదు, సిగ్గుతో పెరట్లోంచి పోయాను. తరవాత తెలిసింది. నా వెనక వెళ్ళిన పన్నెండు మందీ ఒకరికొకరు చెప్పుకోకుండా అదే అన్నారు. "మా లార్డ్‌ని అడగండి." అప్పు తీర్చాల్సినవాడు అన్నాడు, పెళ్ళి కావలసినవాడు అన్నాడు. ఎవరి మాటా వినని మా బావమరిది కూడా అన్నాడు. చివర నోవా వెళ్ళాడు. ఇక పెట్టిట్ వాణ్ణి ఏమీ అడగలేదు, నోవాయే అడగకుండా చెప్పి వచ్చాడు.

ఒక్క మాట చెప్పకుండా, ఆ చోట లేకుండా, పదమూడు నోళ్ళలోకి ఒకే మాట ఎలా పెట్టాడో నాకు అర్థం కాలేదు. సాయంత్రం వెళ్ళి అడిగాను. కాళ్ళకు బురద కడుక్కుంటూ, "అందరూ అట్టాగే అన్నారా?" అన్నాడు. ఆయనకే తెలియదు లైల్ గారూ.

గోధుమ పండి నిలబడింది. పెట్టిట్ పంతం వదలడు. పక్క జిల్లా నుంచి కూలీలను తెస్తానన్నాడు. మబ్బులు పట్టాయి.

జాబెజ్

తా.క. ఫోర్‌మన్ పదవి వద్దన్నానని మా ఆవిడకు తెలిసింది. తిడుతుందనుకున్నాను. నా గ్లాసు నింపింది. నాకు ఇప్పుడు ఇంకా భయంగా ఉంది.

*

నిఘంటు కార్యాలయం,
20 ఆగస్టు.

నా ప్రియమైన స్మై గారికి, లైల్ కుర్చీలోంచి లేచి నిలబడి వ్రాయునది.

దొరికింది.

జిల్లా పత్రికలన్నీ మా కార్యాలయానికి వస్తాయి. నెల రోజులుగా భోజనం వేళ మీ వైపు పత్రికలు ఒక్క వరస కూడా వదలకుండా చదువుతున్నాను. పద్నాలుగో తేదీ సంచికలో, దోసకాయల పోటీ ఫలితాల కింద, సంపాదకుడికి ఒక ఉత్తరం ఉంది. కత్తిరించి జత చేశాను. ఇలా ఉంది:

"అయ్యా, నా భూమిలో నేను ఎవణ్ణో నాకే తెలియడం లేదు. పంట నాది, పొలం నాది. కూలీలను పిలిస్తే లార్డ్‌ని అడగమంటారు. పక్క జిల్లావాళ్ళను తెస్తే, వాళ్ళు పొలం గట్టు మీద నిలబడి ఇక్కడి లార్డ్ ఎవరని అడిగి, ఆయన రమ్మనలేదని తెలిసి తిరిగి వెళ్ళిపోయారు. వారం రోజులుగా గోధుమ రాలుతోంది. లార్డ్ కాలవ తవ్వుకుంటున్నాడు. లార్డ్ ఊ అంటే గాని ఈ జిల్లాలో ఒక్క వెన్ను తెగదా? ఇది ఏ రాజ్యమో చెప్పగలరు. ఇట్లు, జోసయా పెట్టిట్, బ్రాకెన్‌హామ్."

చూడండి. అచ్చులో ఉంది, తేదీ ఉంది. నాలుగు చోట్ల వాడారు, ఒక్క చోట కూడా వివరించలేదు. మాటను ఎక్కించాలనే కోరిక ఆ మనిషికి రవ్వంతైనా లేదని ప్రపంచంలో ఎవరైనా ఒప్పుకుంటారు. ఇంత స్వచ్ఛమైన ఆధారం ముప్ఫైఒక్క అరల్లో ఇంకొకటి లేదు. మా సంపాదకులకు ఇచ్చాను. అలవాటు కొద్దీ "అచ్చులో—" అన్నారు, చేతిలో ఉన్నది చూసి ఆగిపోయారు. ఎర్ర సిరా తీసి బాకు గుర్తును తానే కొట్టేశారు. ప్రాథరో గారు పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చి చూశారు.

అర్థం కింద నేను ఇలా రాశాను: "కోత కూలీల మునుంలో అందరికన్నా ముందుండి నడిపించేవాడు." పుట సెప్టెంబరు ఒకటిన వెళుతుంది. ఇందులో ఏదైనా తప్పుంటే వెంటనే రాయండి.

మీ,
ఎవరార్డ్

తా.క. పెట్టిట్ గారి పేరు మా పుస్తకంలో శాశ్వతంగా ఉండబోతోంది. ఈ సంగతి ఆయనకు నేను వివరించను, మాట ఇస్తున్నాను.

*

బ్రాకెన్‌హామ్,
27 ఆగస్టు.

ఎవరార్డ్ గారికి, మా లార్డ్ ఇద్దరికీ కాసేపు సెలవిస్తే, జాబెజ్ పొలం గట్టు మీద కూర్చుని, నోవా వీపు బల్లగా పెట్టుకుని రాసేది.

మీ కాగితం వచ్చేసరికే పెట్టిట్ దిగొచ్చాడు. పత్రికలో తన ఉత్తరం తానే చదువుకున్నాడట. చదివి, "ఇన్నిసార్లు అన్నానా?" అని భార్యను అడిగాడట. ఆ సాయంత్రం ఎజ్రా గుడిసెకు వెళ్ళాడు. బేరం పది నిమిషాల్లో అయింది. పద్నాలుగు మందికీ ఒకే లెక్క, నోవాతో సహా. ఆ రాత్రి సత్రంలో నోవా అందరి గ్లాసులూ ఒకసారి ముట్టుకుని ఇంటికి పోయాడు.

ఇక మీరు అడిగిన తప్పు సంగతి. తప్పుంది. అది నేను పడి తెలుసుకున్నాను.

మొదటి పొద్దున గట్టు మీద ఎజ్రా తన కొడవలి భుజానికెత్తుకుని, నా వైపు చూసి, "జాబెజ్, ఈ ఏడు నువ్వు ముందు నడువు" అన్నాడు. ఆయనకు నా మనసు తెలుసో, కాలవ నీళ్ళకు మోకాలు పట్టేసిందో, అడిగే ధైర్యం లేకపోయింది. ఆయన వెళ్ళి మునుం చివర నోవా పక్కన నిలబడ్డాడు.

నేను ముందున్నాను. నా ముందు ఎవరి వీపూ లేదు, గోధుమ ఒక్కటే ఉంది. పంతొమ్మిదేళ్ళు బిగబట్టిన చెయ్యి వదిలేశాను. అంత బాగా నేను ఎన్నడూ కోయలేదు. నడుం తిప్పితే చాలు, వెన్నులు వాటంతట అవే పడుకుంటున్నాయి. ఆగి సానరాయి పెట్టాను. ఒక్క రాయే మోగింది.

వెనక్కి తిరిగి చూశాను. సగం పొలం దూరంలో ఉన్నారు. పదమూడు మంది ఒకే వాలు గీతలో, ఒకే ఊపుతో వస్తున్నారు. ఆ గీత నాకు కట్టుబడి లేదు. చిట్టచివర ఎజ్రా నోవా ఊపిరి వింటూ, వాడి చెయ్యి ఎంత ఆడితే తనదీ అంతే ఆడిస్తున్నాడు. ఆయన పక్కవాడు ఆయన్ని చూస్తున్నాడు, ఆ పక్కవాడు వాణ్ణి చూస్తున్నాడు, అలా మొదటిదాకా. ఎజ్రా ఆగాడు. పదమూడు రాళ్ళు మోగాయి.

అప్పుడు తెలిసింది. నేను ఆయన కోసం చెయ్యి బిగబట్టానని ఇన్నేళ్ళు గర్వపడ్డాను. ఆయన ముందు నడిచినన్నాళ్ళూ, వీపు నాకిచ్చి, చెవులు నోవాకిచ్చాడు. నేను బిగబట్టింది ఎంత, ఆయన బిగబట్టింది ఎంత. పొలం మధ్యలో ఒంటరిగా నిలబడి టోపీ తీశాను. ఎవరూ చూడలేదు, నేను చాలా ముందున్నాను కదా.

తిరిగి నడిచొచ్చి మునుంలో కలిశాను. ఎజ్రా, "అలిసిపోయావా?" అన్నాడు. "లేదు మై లార్డ్" అన్నాను.

అందుకని, ఎవరార్డ్ గారూ, అర్థంలో "అందరికన్నా ముందుండి" అన్నది కొట్టేయండి. బదులు ఏం పెట్టాలో నాకు తెలియదు, అది మీ పని. ముందున్నవాడికి కూడా మీ గోడ మీద ఏదో మాట ఉండే ఉంటుంది. అది నాకు పెట్టండి, నేనేమీ అనుకోను.

ఇట్లు, మనసు కుదుటపడిన,
జాబెజ్ స్మై, లేడీ

తా.క. ఇది రాస్తుంటే పెట్టిట్ గుర్రం మీద వచ్చాడు, రేపు ఏ పొలం మొదలుపెట్టాలో కనుక్కోవడానికి. నేను ఇటు చివర గట్టు మీదే ఉన్నాను, నన్ను చూడనైనా లేదు. గుర్రం దిగి, కోసిన మోళ్ళ మీద నడుచుకుంటూ మునుం పొడుగునా చివరిదాకా వెళ్ళాడు. తన సొంత పొలంలో టోపీ చేత్తో పట్టుకుని, ఎజ్రా ఆ చాలు పూర్తి చేసేదాకా నిలబడ్డాడు. ఇది అచ్చులో లేదు. మీ సంపాదకుల వారికి ఊరికే చెప్పండి.